నాలుగేళ్లుగా వాడుతున్న నెలటాన్ కాథెటర్: నా అనుభవం

నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య డిస్క్ జారి, గుర్రపు తోకలా కిందికి దిగే నరాల కట్టను నొక్కేయడంతో నాకు అత్యవసరంగా శస్త్రచికిత్స చేశారు. కాళ్లలో బలం కొన్ని నెలలకు తిరిగి వచ్చింది గానీ మూత్రాశయం కోలుకోలేదు. అది నిండిన సంగతి నాకు తెలియదు, ఎంత ముక్కినా పూర్తిగా ఖాళీ కాదు. మొదట లోపలే ఉంచేసే ఫోలే కాథెటర్ (మూత్రం బయటికి తీసే పైపు), తొడకు కట్టుకునే సంచితో కొన్ని వారాలు గడిచాక, యూరాలజిస్టు సలహాతో రోజుకు ఐదుసార్లు నేనే మూత్రనాళంలోకి పైపు వేసుకుని, మూత్రం పోయాక తీసేసే పద్ధతికి మారాను. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే వైద్యుడు ఈ పద్ధతిని ప్రతిపాదిస్తూ, సబ్బుతో శుభ్రంగా కడుక్కున్న చేతులు చాలని, మూత్రాశయం ఉబ్బిపోకుండా చూడటమే ముఖ్యమని చెప్పారు.

నేను వాడే నెలటాన్ కాథెటర్ ఆకుపచ్చ మూతి ఉన్న 14 సైజు, సుమారు 40 సెంటీమీటర్ల మామూలు పీవీసీ ప్లాస్టిక్ పైపు. తెల్ల మూతి 12 సైజు కూడా వాడి చూశాను; మరీ నెమ్మదిగా కారుతుంది. పీవీసీ పైపుకు మొద్దుబార్చే లిగ్నోకేన్ జెల్లీ పూయాలి, కొన్ని ప్యాకెట్లలో రంధ్రాల అంచులు గరుకుగా ఉంటాయి. నీళ్లు తగిలితే జారుడుగా మారే పూత పైపు చాలా హాయిగా ఉంటుంది గానీ ధర చాలా ఎక్కువ, పైగా కదిలే రైలులో తడి చేత్తో దాన్ని పట్టుకోవడం ఒక విద్యే. అందుకే ఇంట్లో పీవీసీ, ఆఫీసులో పూతది వాడుతున్నాను.

ఒకసారి వాడి పారేయాలని ప్యాకెట్ మీద ఉన్నా, మొదటి ఏడాది ఖర్చుకు భయపడి కడిగి మళ్లీ వాడాను. ఆ ఏడాదే రెండుసార్లు చలిజ్వరంతో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. కారణం అదేనని గట్టిగా చెప్పలేను, కానీ ఆ అలవాటు మానేశాను. తర్వాత ఒకసారి మూత్రం కల్చర్ పరీక్షలో (క్రిములను పెంచి చూసే పరీక్ష) క్రిములు కనిపించినా, జ్వరం, మంట లేవు కాబట్టి డాక్టరు యాంటీబయాటిక్ రాయలేదు.

పైపు కంటే ఎక్కువగా నన్ను కాపాడింది కొలత గిన్నె, చిన్న నోటుపుస్తకం. ప్రతిసారీ 400 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోమన్నారు. ఒక పెళ్లిలో మొహమాటానికి మజ్జిగ మీద మజ్జిగ తాగి, సమయం దాటించి చూస్తే 750 వచ్చింది. రాత్రి ఎనిమిది తర్వాత నీళ్లు తగ్గించినా, పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకోగానే మూత్రంగా మారుతుంది; కాబట్టి సాయంత్రం అరగంట కాళ్లు ఎత్తిపెట్టి పడుకుని, నిద్రకు ముందు చివరిసారి ఖాళీ చేస్తాను. ఏటా తీయించే అల్ట్రాసౌండ్‌లో ఇప్పటివరకు కిడ్నీల వాపు కనిపించలేదు.