రెడూటే నూరు రేకుల గులాబి: నీటిరంగుల్లో, గ్వాష్‌లో ఏడాదిన్నర నకలు

పూల చిత్రకారుడు పియర్ జోసెఫ్ రెడూటే 1817 నుంచి 1824 వరకు పారిస్‌లో వెలువరించిన గులాబీల సంపుటాల్లో రోజా సెంటిఫోలియా పటం ఒకటుంది. పేరుకు అర్థం నూరు రేకుల గులాబి. ఈ ఒక్క పువ్వునే ఏడాదిన్నరగా పదకొండుసార్లు నకలు చేశాను. ఏడుసార్లు పారదర్శకమైన నీటిరంగుల్లో, నాలుగుసార్లు గ్వాష్‌లో, అంటే కింది పొరను కప్పేసే చిక్కని నీటిరంగుల్లో. గురువు దగ్గరకు వెళ్లే వీలులేక ఇంట్లోనే నేర్చుకుంటున్నవారికి ఈ పద్ధతి ఎంతవరకు పనికివస్తుందో నా అనుభవం మేరకు చెబుతాను.

మొదటి మూడు నకళ్లు చెడిపోయాయి. పటంలో నీడలు సన్నని పొడి చల్లినట్టు కనిపించడంతో, నేనూ కుంచె మొనతో గంటల తరబడి చుక్కలు పెట్టుకుంటూ పోయాను. పెద్ద పరిమాణంలో ఉన్న స్కాన్ దొరికాక గాని అసలు సంగతి తెలియలేదు. ఆ పటాలు రాగిరేకు మీద చుక్కలు చుక్కలుగా చెక్కి, ఆ రేకుకే వేర్వేరు రంగులు అద్ది అచ్చువేసి, ఆపైన చేత్తో నీటిరంగులు దిద్దినవి. అంటే నేను అన్నాళ్లూ అనుకరించింది చెక్కడపు పనినే తప్ప కుంచె పనిని కాదు. రెడూటే స్వయంగా తోలుకాగితం మీద పారదర్శకమైన నీటిరంగులతో వేసేవాడు. ఇది తెలిశాక చుక్కలు మానేసి, పలుచని పూతలతో మళ్లీ మొదలుపెట్టాను.

ఇప్పుడు ఒక్కో రేకునూ విడిగా తీసుకుంటాను. ముందు ఆ రేకు మేరకు శుభ్రమైన నీళ్లు పూసి, తడి మెరుపు తగ్గేదాకా ఆగి, మడత లోతులో క్వినాక్రిడోన్ రోజ్ అనే గులాబి రంగు ఉంచి, చెమ్మగా ఉన్న రెండో కుంచెతో అంచు వైపు లాగుతాను. అంచున సన్నని గీత మేర కాగితపు తెలుపును అలాగే వదిలేయాలి. పూత ఆరితే రంగు తేలికపడుతుంది కాబట్టి ఐదారు పూతలు తప్పవు. ప్రతిదీ పూర్తిగా ఆరాకే తర్వాతిది. ఎండాకాలంలో ఫ్యాను గాలికి రంగు లాగేలోపే అంచు బిగుసుకుపోతుంది గనుక, ఆ రోజుల్లో తెల్లవారుజామున ఫ్యాను ఆపి వేసుకోవడమే మేలు.

గ్వాష్ సులువనుకున్నాను గాని, దాని ఇబ్బందులు దానికున్నాయి. రంగు మీగడలా ఉండాలి. కుంచెలో నీళ్లు ఎక్కువైతే కింది పూత కరిగి పైకి వచ్చేస్తుంది. లేత రంగులు ఆరాక కొంచెం ముదురుతాయి, ముదురువి లేతబడతాయి. అందుకే పక్కన ఒక కాగితపు ముక్క మీద ఆరబెట్టి చూడనిదే ఏ రంగూ పువ్వు మీద పెట్టను. తెలుపు ఎక్కువ కలిపితే రేకు సున్నం కొట్టినట్టు అవుతుంది. అయినా కొత్తవారు గ్వాష్‌తోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం: నాలుగే గులాబి ఛాయలు ముందుగా కలుపుకుని పువ్వంతా వేస్తే, వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అన్నది కంటికి అలవాటవుతుంది. తొడిమ మీది లేత నూగును ముదురు ఆకుపచ్చపై దిద్దడానికైతే దానికి సాటి లేదు.

సామగ్రిలో ఖర్చు పెట్టవలసింది కాగితం మీదే. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) నూరు శాతం కాటన్, హాట్ ప్రెస్ అనే నున్నని రకం ఎన్ని పూతలకైనా తట్టుకుంది. చౌక కాగితం మూడో పూతకే నూగు లేచి ఉండలు కట్టింది. రంగులు కొనేటప్పుడు పిగ్మెంట్ కోడ్, అంటే ట్యూబులో ఏ రంగుపొడి ఉందో చెప్పే గుర్తు, చూడండి. కోడ్ లేని ఒక సెట్‌లోని మెరిసే గులాబి రంగును కాగితానికి పూసి, సగం నల్లకాగితంతో కప్పి, నాలుగు నెలలు కిటికీకి అంటించి ఉంచితే కప్పని సగం దాదాపు వెలిసిపోయింది. దాని పక్కనే అంటించిన, పీవీ 19 అనే కోడ్ ఉన్న గులాబి రంగులో నాకు తేడా కనిపించలేదు. గ్వాష్‌లో తెలుపు అన్నిటికన్నా ముందు అయిపోతుంది, పెద్ద ట్యూబే తీసుకోండి.

పదకొండో నకలులో పువ్వు చాలావరకు కుదిరింది. ఆకులు మాత్రం ఇంకా బల్లపరుపుగానే ఉన్నాయి. అందుకే పన్నెండోసారి పువ్వు జోలికి పోకుండా, రంపపు పళ్ల అంచున్న ఒక్క ఆకునే పెద్దదిగా వేస్తున్నాను.