నా అడవి బండి, దాని సైడ్ స్టాండ్: మూడేళ్ల వాడకం తర్వాత

కొండలెక్కే బండి అని అమ్మే ఈ రకం మోటార్‌సైకిల్ మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంటుంది, సస్పెన్షన్ గుంతల్ని ఎలా మింగేస్తుంది అని చెప్పేవాళ్లు వంద మంది ఉన్నారు. నేను రాసేది సైడ్ స్టాండ్ గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, స్టాండ్ తిరిగే బోల్టు దగ్గర బిగించిన చిన్న నల్ల ప్లాస్టిక్ డబ్బా గురించి. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. స్టాండ్ దించి ఉండగా బండి గేరులో ఉంటే ఇంజిన్‌ని ఆపేసే సెన్సర్ అది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇప్పుడొచ్చే బళ్లలో చాలావాటికి ఇదే ఏర్పాటు ఉంది, నా బాధంతా ఆ ఏర్పాటుతోనే.

2022 ఫిబ్రవరిలో కొన్నాను. ఇప్పటికి 38 వేల కిలోమీటర్లు తిరిగింది. సగం విశాఖలో మర్రిపాలెం నుంచి గాజువాక డ్యూటీకి, మిగతా సగం కొండల్లో. శనివారం షిఫ్టు దిగగానే నేనూ మా బావమరిదీ పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతాం. లేదంటే చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు వైపు. వెతికేది పాముల్నీ, ఊసరవెల్లుల్నీ, బల్లుల్నీ. పట్టుకోవడానికి కాదు. చూడాలి, కుదిరితే ఫోటో తీసుకోవాలి, వాటి దారిన వాటిని పోనివ్వాలి. రాత్రిపూట రోడ్డు దిగి అడవిలో అడుగు పెట్టం. పగలు లోపలికి వెళ్లాల్సి వస్తే అటవీ శాఖ వాళ్లని అడిగే వెళ్తాం.

మామూలుగా బండి నడిపే మనిషి రోజుకి నాలుగైదుసార్లు స్టాండ్ వేస్తాడు. మేం ఒక్క రాత్రిలో నలభైసార్లు వేస్తాం. సెకండ్ గేరులో మెల్లగా పోతుంటే రోడ్డు మీద ఏదో తాడుముక్కలా కనపడుతుంది. చాలాసార్లు అది తాడే. లేకపోతే ఎండుకొమ్మ, లారీ టైరు పీలిక. అయినా ప్రతిసారీ ఆగాల్సిందే. పదిసార్లు మోసపోతే పదకొండోసారి అది కదులుతుంది.

కొన్న మొదటి ఏడాది ఈ సెన్సర్‌ని నేను నెత్తిన పెట్టుకున్నాను. ఎందుకంటే, క్లచ్ పట్టి బ్రేకు వేసి ఎడమకాలితో స్టాండ్ తన్నితే చాలు, ఇంజిన్ ఠక్కున ఆగిపోతుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకి హెడ్‌లైటు ఆపే స్విచ్చే లేదు, ఇంజిన్ నడిచినంతసేపూ వెలగాల్సిందే. కాబట్టి ఇంజిన్‌తోపాటే అదీ ఆరిపోతుంది. తాళంచెవి తడుముకునే పని లేకుండా ఒక్క తాపుతో చీకటీ నిశ్శబ్దమూ రెండూ దొరుకుతాయి. పాముకి బయటికి కనపడే చెవులు లేవు గానీ నేల అదురు దాని దవడ ఎముకలకి తెలుస్తుంది. పక్కన ఇంజిన్ గుడగుడలాడుతుంటే అది మన కోసం ఎందుకు ఆగుతుంది?

ఆ ఏడాదే పాడేరు ఘాట్‌లో పట్టపగలు గిరినాగు (కింగ్ కోబ్రా) కనిపించింది. పది అడుగులకి తక్కువ ఉండదు. రోడ్డు మధ్యకి వచ్చేసింది, మాకూ దానికీ మధ్య పాతిక అడుగుల దూరం ఉంది. స్టాండ్ తన్నాను. వెనకనుంచి మా బావమరిది నా భుజం గట్టిగా పట్టుకుని "బావా, కదలకు" అన్నాడు. అది తల కొంచెం ఎత్తి మావైపు తిప్పింది, మళ్లీ దించింది, తన దారిన తను పోయింది. మిగతా పాముల్ని తిని బతుకుతుంది. ఆకులు పోగేసి గూడు కట్టి అందులో గుడ్లు పెట్టే పాము అదొక్కటే. దాన్ని సొంత కళ్లతో, దాని ఊళ్లో, రెండు నిమిషాలపాటు చూశాను. ఆ రోజు నుంచి కనపడిన ప్రతివాడికీ "ఈ సెన్సర్ అడవి కోసమే చేశారు" అని చెప్పుకు తిరిగాను.

ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

2023 జులై. అనంతగిరి కాఫీ తోటలు దాటి టైడా వైపు దిగుతున్నాం. రాత్రి తొమ్మిదిన్నర అయ్యుంటుంది. సాయంత్రమంతా కుండపోతగా కురిసి అప్పుడే తెరిపిచ్చింది. రోడ్డు మీదికి ఎర్రమట్టి కొట్టుకొచ్చి పిండి కలిపినట్టుంది. ఒక కట్లపాము పిల్ల, పెన్సిల్ కన్నా కొంచెం లావు, తెల్లని అడ్డగీతలు మెరుస్తూ రోడ్డు దాటుతుంటే ఆగాం. అది గడ్డిలోకి వెళ్లేదాకా వెనకనుంచి ఏ బండీ రాకుండా టార్చి ఊపుతూ కాపలా ఉన్నాం. తర్వాత స్టాండ్ తీసి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, ఫస్ట్ గేరు వేశాను. ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్, మళ్లీ గేరు, మళ్లీ ఆగిపోయింది. పెట్రోలు ఉంది. బ్యాటరీ బాగుంది. న్యూట్రల్‌లో ఎంతసేపైనా చక్కగా నడుస్తోంది. గేరు పడ్డ క్షణాన ప్రాణం పోతోంది. "బావా, స్టాండ్ తీశావా?" అన్నాడు మావాడు. తీశాను. మళ్లీ వేశాను, మళ్లీ తీశాను. ఇరవైసార్లు పైకీ కిందకీ ఆడించాను. తాగే నీళ్ల బాటిల్ మొత్తం పోసి మట్టి కడిగాం, చొక్కా అంచుతో తుడిచాం. స్టాండ్ పైనే ఉంది, బండి మాత్రం కింద ఉందనే అనుకుంటోంది. డబ్బాలోకి నీళ్లు వెళ్లాయని మాకు తెలియదు, తెలిసినా అప్పుడు ఏం చెయ్యాలో తెలియదు. ఫోనుకి సిగ్నల్ లేదు.

నాకు కోపం ఎందుకొచ్చిందో చెప్తాను. మన దగ్గర పాముకాటుకి ఇచ్చే మందు నాలుగు పాముల విషంతో తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. మేం తిరిగే కొండల్లో వీటితోపాటు గిరినాగూ ఉంది, వెదురు పొదల్లో ఉండే పచ్చ పిట్ వైపరూ ఉంది. ఆ రెండింటికీ ఆ మందు పనిచెయ్యదు. ఏది కరిచినా చెయ్యగలిగింది కదలకుండా ఉండి వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేరడమే. విశాఖ మాకు 70 కిలోమీటర్ల పైనే ఉంది. ఆ సమయంలో మమ్మల్ని చేర్చగలిగిన బండి ఈ ఒక్కటే. దాని ఇంజిన్ బాగుంది, టైర్లు బాగున్నాయి. అగ్గిపెట్టెలో సగం కూడా లేని డబ్బా అన్నింటినీ కట్టేసింది.

అరగంట చూశాం. అటుగా ఒక్క బండీ రాలేదు. చివరికి న్యూట్రల్‌లోనే దిగుదాం అనుకున్నాం. వెలుగు కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి, గేరు లేకుండా, రెండు బ్రేకులూ మార్చి మార్చి పట్టుకుంటూ మనిషి నడిచే వేగంతో. మావాడు టార్చి పట్టుకుని పక్కన నడిచాడు. చదునుగా ఉన్నచోట ఇద్దరం తోశాం. ఇది ఎవరూ చెయ్యకండి. గేరు లేని బండికి ఘాట్‌లో బ్రేకులు తప్ప ఇంకే పట్టూ ఉండదు, అవీ వేడెక్కి వాసన రావడం మొదలైంది.

ఆ నడక వేగంలోనే, అదే రోడ్డు మీద అన్నేళ్లుగా నాకు కనపడనివన్నీ కనపడ్డాయి.

మొదట ఊసరవెల్లి. మలుపు తిరుగుతుంటే హెడ్‌లైటు రోడ్డు పక్క కంప మీద పడింది. కొమ్మ చివర ఒక ఆకు మాత్రం మిగతావాటికన్నా తెల్లగా, పాలిపోయినట్టు ఉంది. దగ్గరికి వెళ్తే అది ఆకు కాదు. నిద్రపోయే ఊసరవెల్లి అలాగే పాలిపోయి, సన్నకొమ్మ చివరికంటా వెళ్లి, తోక చుట్ట చుట్టుకుని ఉంటుంది. మీదికి ఏదైనా వస్తే కొమ్మ ఊగి తెలుస్తుందని కాబోలు. కన్ను మూసే ఉంది. ఆ కంటి గుబ్బ మీద రేణువంత నీటిబొట్టు నిలబడి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు ఆకు ఈనెల్లా తేలి కనపడుతున్నాయి. ఆ రాత్రి మూడు చూశాం. ఇన్నాళ్లూ ఇరవై, ముప్ఫై వేగంతో వాటిని దాటేసి పోయానన్నమాట.

తర్వాత పిట్ వైపర్. మావాడి టార్చికే దొరికింది. గోడ పక్కన వంగిన వెదురు మీద, మోకాలెత్తులో, తల కిందకి దించి కూర్చుంది. కన్నుకీ ముక్కుకీ మధ్య ఉన్న గుంట నాలుగడుగుల దూరంనుంచి స్పష్టంగా కనపడింది. ఆ గుంటతోనే అది వేడిని పసిగడుతుంది. పక్కన కాలిపోతున్న ఇంజిన్, రెండు ఒళ్లు. దానికి మేం ఎలా కనపడి ఉంటామో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. అది ఇసుమంత కూడా కదల్లేదు. మేమే కదిలాం.

అర్ధరాత్రి దాటాక ఒక ఊరికి చేరాం. అరుగు మీద పడుకున్న ముసలాయన లేచి కూర్చుని "ఏటి బావూ, బండేటైపోనాది?" అన్నాడు. ఇంకేమీ అడక్కుండా పక్క అరుగు మీద గోనెపట్టాలు పరిచాడు. పొద్దున్నే చోడంబలి ఇచ్చాడు. ఆయన మనవడు ఎస్.కోటలో మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడట. వచ్చి, స్టాండ్ దగ్గర్నుంచి పైకి వెళ్లే రెండు వైర్లు చాకుతో గీకి, మెలేసి, ప్లాస్టర్ చుట్టాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. గేరు వేస్తే బండి కదిలింది. "సిచ్చిలోకి నీల్లెల్లిపోనాయి సారూ. ఇకన స్టాండ్ మీరే సూసుకోవాల, బండి సెప్పదు" అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

అతని మాట నెల తిరక్కుండానే నిజమైంది. వైర్లు కలిపేసిన బండి మీద, పాము కనపడిన ఆత్రంలో స్టాండ్ తియ్యకుండా బయల్దేరాను. ఎడమ మలుపులో స్టాండ్ రోడ్డుకి తగిలి వెనక చక్రం గాల్లోకి లేచింది. మోకాలు చెక్కుకుపోయింది, మావాడి మణికట్టు వాచింది. ఎదురుగా బస్సు లేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ సెన్సర్ ఎందుకు పెట్టారో ఆ రోజు తెలిసింది. మర్నాడే సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. నీళ్లు వెళ్లిన సెన్సర్‌కి వారంటీ లేదన్నారు. 900 రూపాయలు, మూడు వారాల ఎదురుచూపు.

కాబట్టి నా తగువు సెన్సర్ ఉండటంతో కాదు, అది ఉన్న చోటుతో. కొండలెక్కే బండి అని చెప్పి అమ్ముతున్నారు, ముందు చక్రం చిమ్మే బురద సూటిగా వచ్చి పడేచోట దాన్ని బిగించారు, చిన్న రేకుముక్కైనా అడ్డం పెట్టలేదు. నేను పాత సైకిల్ ట్యూబు కోసి తెరలా కట్టుకున్నాను. రెండు వానాకాలాలు గడిచాయి, బురదతో ఇబ్బంది రాలేదు. నిరుడు డిసెంబరులో లంబసింగిలో మాత్రం వాన లేదు, బురద లేదు, తెల్లవారుజామున మళ్లీ అదే మొరాయింపు. మంచు తడికే అనుకుంటున్నాను. ఈసారి సీటు కింద జానెడు వైరుముక్క ఉంది. రెండు నిమిషాల్లో కలిపి, కిందకి దిగి ఎండలో ఆరాక విప్పేశాను.

రాత్రికి నలభైసార్లు దాన్ని ఇంజిన్ స్విచ్చులా తన్నడం వల్ల త్వరగా అరిగిందేమో, అదీ కాదనలేను. అందుకే ఇప్పుడు ఎర్ర బటన్‌తోనే ఇంజిన్ ఆపుతాను, తర్వాతే స్టాండ్ వేస్తాను. ఒక్క తాపులో వచ్చే ఆ చీకటి పోయింది. వేగం కూడా తగ్గించాను. అనుమానమున్న చోట మావాడు దిగి ముందు నడుస్తాడు. ఆదివారం పొద్దున అరకు పోయే కార్ల కింద నలిగిన పాముల్ని లెక్కపెట్టడం కన్నా, ముందురోజు రాత్రి వాటిని బతికుండగా చూడటం మంచిది.

కొనమంటానా? అరకు చూసి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లకి ఈ సెన్సర్ ఉందన్న సంగతే తెలియదు, నిశ్చింతగా కొనుక్కోండి. రాత్రిళ్లు ఒంటరిగా తిరిగేవాళ్లయితే, ఆ రెండు వైర్లు ఎక్కడున్నాయో పగటిపూట ఇంటి దగ్గర విప్పి చూసుకోందే బయల్దేరొద్దు. నాకు తోడు మా బావమరిది ఉన్నాడు, అందుకే ఈ బండితో సరిపెట్టుకోగలుగుతున్నాను. పాప పుట్టాక మా ఆవిడ నెలకి ఒక్క శనివారమే ఒప్పుకుంటోంది, ఆ లెక్కన ఇంకో రెండేళ్లు దీంతోనే లాగిస్తాను. అమ్మినప్పుడు ఆ వైరుముక్కని సీటు కిందే ఉంచి, అది దేనికో కొన్నవాళ్లకి విప్పి చూపించే తాళం ఇస్తాను.