రోజుకో వేమన పద్యం: నాలుగేళ్ల వాడకం తర్వాత

కావలసినవి ఒక పద్యాల పుస్తకం, రెండొందల పేజీల రూళ్ల నోటుబుక్కు, పోస్టుకార్డు మందం అట్టముక్క. పొద్దున పది నిమిషాలు చాలు. ఊరికే చదువుకుంటూ పోతే మాత్రం వారం తిరక్కుండా విసుగొస్తుంది. బళ్లో కంఠతా పట్టినవి కదా, నోరు పరిగెడుతుంది, బుర్ర కదలదు.

అట్టముక్క పని అక్కడే. వేమన ఆటవెలదుల్లో నాలుగో పాదం సాధారణంగా 'విశ్వదాభిరామ వినురవేమ' అనే మకుటమే కాబట్టి సరుకంతా మూడు పాదాల్లో ఉంటుంది. మూడోదాన్ని అట్టతో మూసి, మొదటి రెండూ చదివి, కింద ఏముంటుందో సొంత మాటల్లో రాసి, అప్పుడు అట్ట తీయాలి. 'ఉప్పు కప్పురంబు'లో పోలిక ముందొస్తుంది, తేల్చిన మాట మూడో పాదంలో. 'అల్పుడెపుడు బల్కు'లో వరస తిరగబడి, కంచూ కనకమూ చివరికి పోతాయి. ఈ తేడా చేతికి అలవాటైతే ఎవరేం చెప్పినా ఏది పోలిక, ఏది వాదన అని విడదీయడం వస్తుంది.

నోటికి వచ్చిన పద్యాలకి మూత పనికిరాదు. వాటికి ఇంకో పని: ఆ మాట ఒప్పని చోటు ఒకటి రాయాలి. తినగా తినగా వేము తియ్యగా ఉంటుందట. టైపింగులో వేళ్లు తప్పుగా పెట్టి ఏడాది సాధన చేస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. గట్టిగా మాట్లాడేవాడు అల్పుడే కానక్కర్లేదు, చెవుడు కావచ్చు. నిజం చెప్పాలంటే ఈ అలవాటులో అన్నిటికన్నా ఎక్కువ లాభమిచ్చింది ఈ ముక్కే.

తాత్పర్యం ముందే చూస్తే పని చెడుతుంది. సంధులు విడదీసి (వేరయా: వేరు, అయా) అర్థం రాసుకున్నాకే చూడాలి. చాలా కూర్పుల్లో పద్యాలు అకారాది క్రమంలో ఉంటాయి, వరసగా చదివితే రోజుల తరబడి 'అ' దాటం. అంకెలు చీటీల మీద రాసి డబ్బాలో వేసి తీస్తే ఆ బాధ లేదు.

మకుటం ఉన్నంత మాత్రాన వేమన పద్యమని నమ్మకూడదు. వేమన పద్యాల్ని సేకరించిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేసినవి 693, 1839 కూర్పులో 1,164. ఇప్పుడు ఫోన్లలో తిరిగే వాటికి లెక్కే లేదు. ఆడవాళ్లని కించపరిచే పద్యాలూ పుస్తకంలో తగులుతాయి. వాటిని దాటేయకుండా ఒప్పని చోటు వాటికీ రాయాలి, అవి పేజీ నింపేస్తాయి.

రోజుకొకటి అని పేరు పెట్టాం గానీ అంత అక్కర్లేదు. కొత్త పద్యం వారానికి మూడు చాలు: సోమ, బుధ, శుక్ర. మంగళ, గురువారాల్లో ముందురోజు పద్యం కిందే ఆనాటి సంగతి ఒక వాక్యం: ఎవరితో, ఏ విషయంలో గుర్తొచ్చిందో. గుర్తు రాకపోతే ఖాళీగా వదలాలి, కల్పించి నింపకూడదు. శని, ఆదివారాలు సెలవు. నోటుబుక్కులో పద్యానికి ఒక పేజీ చొప్పున వదిలితే ఏడాదికి పైగా వస్తుంది.