సముద్రంలో దిగే సూర్యుడి కోసం: హైదరాబాద్ నుంచి ఏ తీరం, ఏ బస?

లాంగ్ ఎక్స్‌పోజర్ (షట్టర్‌ను సెకన్ల తరబడి తెరిచి ఉంచి తీసే ఫొటో) మీద మోజు పడ్డ హైదరాబాద్‌వాళ్లలో చాలామంది వెలుగు తగ్గించే ఫిల్టరొకటి కొనుక్కుని నేరుగా బాపట్ల రైలెక్కేస్తారు. అసలు సంగతి సాయంత్రానికి గానీ తెలియదు. బంగాళాఖాతం ఉన్నది మనకు తూర్పున. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడే గానీ నీళ్లలోకి దిగడు, వెనకనున్న సరుగుడు తోపుల్లోకి జారిపోతాడు. సముద్రంలో మునిగే సూర్యుడే కావాలంటే గోకర్ణమో గోవానో పోవాలి, అంటే 600 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వెళ్లి ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కుంటూ నిలబడితే ఖర్చు తడిసి మోపెడవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. మన అక్షాంశాల్లో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి, అస్తమయం తర్వాత పనికొచ్చే వెలుగు 22–25 నిమిషాలే. అందుకని ముందు హుస్సేన్‌సాగర్, తర్వాత బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్, పడమటి తీరం ఆ తర్వాతే.

ట్యాంక్‌బండ్ అంటే హుస్సేన్‌సాగర్ చెరువుకు తూర్పు గట్టు. అక్కడ నిలబడి పడమరకు తిరిగితే ఎదురుగా నీళ్ల మధ్య 1992లో నిలిపిన బుద్ధ విగ్రహం, దాని వెనక నెక్లెస్ రోడ్ వైపు దిగే సూర్యుడు. సాధనకు ఇంతకంటే దగ్గరి చోటు దొరకదు. లోపమూ ఉంది. బస్సు వెళ్లినప్పుడల్లా ఫుట్‌పాత్ అదురుతుంది, ఆ అదురు 20 సెకన్ల ఫొటోలో విగ్రహం అంచు మీద తేలుతుంది. ట్రైపాడ్‌ను రెయిలింగ్‌కు ఆనించకుండా, సెంటర్ కాలమ్ (మధ్య కడ్డీ) పైకి లేపకుండా, వాహనాలు కాస్త తగ్గినప్పుడు తీయాలి. చెరువులో అలలుండవు గనుక 8–10 సెకన్లకే నీరు అద్దంలా పరుచుకుంటుంది. అంతకంటే ఎక్కువసేపు తీస్తే మారేది మబ్బులే. కాబట్టి నీటి కదలిక ఇక్కడ వంటబట్టదు. ఇక్కడ నేర్చుకోవలసింది చేతిపని, ముఖ్యంగా దాని వరస.

ముందు ఫిల్టరు లేకుండా ఫ్రేమ్ కుదుర్చుకోవాలి. దూరంగా ఉన్న బోటు మీదో విగ్రహం మీదో ఫోకస్ పట్టి, లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌కు మార్చేయాలి. ఈ ఒక్కటి మరిచిపోతే, నల్లటి ఫిల్టరు వెనక కెమెరా ఫోకస్ కోసం తడుముకుంటూనే ఉంటుంది. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపాలి. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/11, రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫొటో), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 5500 కెల్విన్ దగ్గర స్థిరం. ఆటోలో ఉంచితే ఒక్కో ఫ్రేముకు ఒక్కో రంగొస్తుంది. ఇప్పుడొక మామూలు షాట్ తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పంపకం చూపే గ్రాఫు) చూడాలి. అస్తమయం వేళ షట్టర్ సుమారు 1/30 సెకను వస్తుందనుకోండి. ఒక స్టాపంటే వెలుగు సగానికి తగ్గడం. స్టాపుకోసారి సమయం రెట్టింపు చేసుకుంటూ పోతే ఆరు స్టాపుల ఎన్‌డీ (వెలుగు తగ్గించే నల్లటి) ఫిల్టరుకు 2 సెకన్లు, పది స్టాపులదానికి 34 సెకన్లు. 30 సెకన్లు దాటితే బల్బ్ మోడ్ (మనం మూసేదాకా షట్టర్ తెరిచే ఉండే అమరిక), రిమోట్ కావాలి. అంతకు లోపలైతే 2 సెకన్ల టైమర్ చాలు. డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్‌ను మూయాలి, లేకపోతే వెనక నుంచి వెలుగు దూరి ఊదారంగు మచ్చ పడుతుంది. ఫిల్టరుంది కదా అని ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకూడదు. అన్ని ఎన్‌డీ ఫిల్టర్లూ పరారుణ కిరణాలను ఆపుతాయని లేదు.

లెక్క తప్పేది మరోచోట. సూర్యుడు దిగాక మూడు నాలుగు నిమిషాలకో స్టాపు చొప్పున వెలుగు పడిపోతుంది. పది స్టాపుల ఫిల్టరుతో రెండు నిమిషాల ఎక్స్‌పోజర్ పెట్టారంటే, అది పూర్తయ్యేలోగా లెక్క పాతబడుతుంది. అంచనాకు ఇంకో 30–40 సెకన్లు కలపాలి. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే ఫొటోకు పట్టినంత సమయమే డార్క్ ఫ్రేముకూ (మచ్చలు తీసేయడానికి షట్టర్ మూసి కెమెరా తనంతట తీసే రెండో ఫొటో) పడుతుంది. కెమెరా హ్యాంగయిందని కొత్తవాళ్లు కంగారుపడి బ్యాటరీ లాగేసేది అప్పుడే. సంధ్య వేళ దాన్ని ఆపేయడమే మంచిది. మొదట కొనాల్సింది ఆరు స్టాపుల ఫిల్టరే. పది స్టాపులది అస్తమయమైన పది నిమిషాలకు సంచిలోకి వెళ్లిపోతుంది. ఇరవై నిమిషాలకు ఏ ఫిల్టరూ లేకుండానే 2 సెకన్లు వస్తుంది.

బాపట్ల నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు. బల్లపరుపు ఇసుక తీరం, రాళ్లుండవు. ముందుభాగంలో ఏదో ఒకటి ఉండాలనుకునేవాళ్లకు ఇది నిరాశే, అలను అర్థం చేసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం బడిలాంటిది. ఇక్కడ తీరరేఖ నైరుతి–ఈశాన్యంగా సాగుతుంది. డిసెంబరులో సూర్యుడు నైరుతి వైపు బాగా వాలి, చీరాల దిక్కున ఒడ్డు గీత చివరన దిగుతాడు. తడి ఇసుక, నురగ, సూర్యుడు ఒకే ఫ్రేములోకి వచ్చే కాలం అదొక్కటే. జూన్ నాటికి పూర్తిగా ఊళ్ల వైపు జరిగిపోతాడు. డిసెంబరు కాకపోయినా అస్తమయం తర్వాత వెనక్కి తిరిగి సముద్రం వైపు చూడండి. నీళ్లపైన నీలి పట్టీ, దాని మీద గులాబీ రంగు పట్టీ కొద్ది నిమిషాలు నిలుస్తాయి. నీలి పట్టీ భూమి నీడ. తూర్పు తీరానికి ప్రత్యేకంగా దక్కే సాయంత్రం ఇదే, దీన్ని వదిలి సూర్యుడి వెంటపడటం వృథా.

అల విరిగి, వెనక్కి లాగడం మొదలైన క్షణంలో అర సెకను నుంచి ఒక సెకను ఎక్స్‌పోజర్‌తో నొక్కితే నురగ తెల్లటి గీతలుగా సాగుతుంది. ముందే నొక్కితే తెల్లటి ముద్ద, 30 సెకన్లు పెడితే గీతలన్నీ చెరిగి పొగ. చాలామంది పొగ కోసమే ఎగబడతారు గానీ ఆకారమున్న ఫొటో ఒక సెకనుదే. ట్రైపాడ్ కాళ్లు ఇసుకలో బలంగా దించి, ఒక అల వచ్చి వెళ్లాక, కాళ్లు కుంగడం ఆగాకే మొదలుపెట్టాలి. ఒక అలకు కాలు రెండు మిల్లీమీటర్లు దిగినా క్షితిజరేఖ రెండుగా కనిపిస్తుంది. ప్రతి మూడు నాలుగు షాట్లకు ఫిల్టరు తుడవాలి. ఉప్పు తుంపర ఎదురు వెలుతురులో మబ్బు మచ్చలై తేలుతుంది, ఇంటికొచ్చి సరిచేద్దామంటే కుదరదు.

బస విషయానికొస్తే, పర్యాటక శాఖ రిసార్టు బీచ్‌లోనే ఉంది. గది ఎలా ఉన్నా, తెల్లవారక ముందే నడిచి నీళ్ల దగ్గరికి వెళ్లగలగడమే దాని విలువ. బాపట్ల లాడ్జిల్లో దిగితే చీకటి పడ్డాక తిరిగి రావడానికి ఆటో ముందే మాట్లాడుకోవాలి. ఆదివారాలు, కార్తీక పౌర్ణమి జనసంద్రం. మంగళ, బుధ, గురువారాలు మేలు.

విశాఖలో తెన్నేటి పార్కు దగ్గర మంచి రాళ్లున్నాయి, రుషికొండ ఉంది, బసలకు లోటు లేదు. కానీ అక్కడ సూర్యుడు కొండల వెనక్కి పోతాడు. సూర్యోదయం కోసమైతే వెళ్లొచ్చు.

పడమటి తీరంలో నేర్చుకునేవాళ్లకు గోకర్ణం, సౌకర్యం ముఖ్యమనుకునేవాళ్లకు గోవా అని తేల్చి చెప్పొచ్చు. గోకర్ణంలో కుడ్లే బీచ్ పడమరకే తెరుచుకుని ఉంటుంది, రెండు పక్కలా కొండ ముక్కులు ఫ్రేమును కట్టిపడేస్తాయి, బసలు ఇసుక పక్కనే. ఓం బీచ్‌లో రెండు వంపులు కలిసే చోటి రాళ్లే అసలు సరుకు. వాటి చుట్టూ నీరు తిరిగే తీరుకు 2–4 సెకన్లు సరిపోతుంది. చిక్కల్లా తిరుగు దారి. బీచ్‌ల మధ్య కొండదారులు చీకట్లో రాళ్లూ చెట్ల వేళ్లూ, తలకు కట్టుకునే టార్చి తప్పనిసరి. హైదరాబాద్ నుంచి హుబ్బళ్లి దాకా వచ్చి, అక్కడి నుంచి ఘాట్ దిగాలి. ఒక రోజు ప్రయాణానికే పోతుంది.

గోవాకు విమానాలున్నాయి, సికింద్రాబాద్ నుంచి వాస్కోకు రైలూ ఉంది. అంజునా, వాగటార్‌లకైతే 2023లో మొదలైన మోపా విమానాశ్రయం దగ్గర, పాలోలెం వైపైతే దబోలిమ్ విమానాశ్రయం. అంజునా రాళ్ల మధ్య నీరు గుంటలు గుంటలుగా నిలిచేది ఆటు సమయంలోనే. అందుకే గది బుక్ చేసే ముందే ఆటుపోట్ల పట్టిక చూసి, సాయంత్రం నీరు తగ్గుతూ ఉండే రోజులు ఎంచుకోవాలి. పోటు ఎక్కుతున్నప్పుడు రాళ్ల మీద ఉంటే వెనక దారి మూసుకుపోతుంది. పాచి పట్టిన నల్ల రాయి మీద చెప్పులతో అడుగేస్తే మనిషి, కెమెరా రెండూ నీళ్లలోనే. అక్కడ అస్తమయం బాపట్ల కంటే దాదాపు 25 నిమిషాలు ఆలస్యం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఇటు రావొద్దు. అక్టోబరు, నవంబరుల్లో మబ్బులుంటాయి, ఫిబ్రవరి తర్వాత ఆకాశం ఖాళీగా ఉంటుంది. మబ్బు లేని ఆకాశంతో లాంగ్ ఎక్స్‌పోజర్ చప్పగా ఉంటుంది.

ఫిల్టర్లు, ట్రైపాడ్‌లు హైదరాబాద్‌లో అద్దెకు దొరుకుతాయి. కొనాలనుకుంటే కోఠి ఉండనే ఉంది. తీసుకునేటప్పుడు ఫిల్టరు పెట్టి తెల్ల గోడను ఒక ఫొటో తీయండి. రంగు ఎటు లాగుతోందో అక్కడే తేలిపోతుంది. వేరియబుల్ ఎన్‌డీని (తిప్పి నల్లదనం మార్చుకునే ఫిల్టరు) వైడ్ లెన్స్‌కు బిగించి చివరిదాకా తిప్పితే ఆకాశంలో నల్లటి గుణకారం గుర్తు పడుతుంది. 77 మిల్లీమీటర్ల ఫిల్టరొకటి, మీ లెన్స్‌కు సరిపడే స్టెప్-అప్ రింగ్ (చిన్న లెన్స్‌కు పెద్ద ఫిల్టరు పట్టించేది) ఒకటి తీసుకుంటే మూడు సైజులు కొనే బాధ తప్పుతుంది. ప్రయాణం రోజులకూ అద్దె పడుతుందా అని ముందే అడగండి, గొడవలన్నీ అక్కడే. ఫొటోగ్రఫీ వర్క్‌షాప్‌లో చేరే ముందు ఒక్కో శిక్షకుడికి ఎంతమంది అని అడగాలి. ఐదారుగురు దాటితే, ఉన్న 25 నిమిషాల్లో మీ వంతు వచ్చేసరికి చీకటే.

బస ఎంచుకునేటప్పుడు బయట కుళాయి ఉందో లేదో కనుక్కోవడం మంచిది. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా సాగదీసి అదే రాత్రి మంచినీళ్లతో కడగకపోతే ఉప్పు, ఇసుక తాళాల్లోకి దిగి మూడో రోజుకల్లా తిరగనంటాయి. బిగుసుకున్న ఫిల్టరుకు వెడల్పు రబ్బరు బ్యాండు చుట్టి తిప్పితే ఊడొస్తుంది. వేళ్లతో గట్టిగా నొక్కిపట్టి తిప్పితే రింగు వంగి ఇంకా బిగుస్తుంది. విమానంలో విడి బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, ట్రైపాడ్‌ను చెక్-ఇన్ పెట్టెలో వేయడమే మేలు.