రెండు నెలల గది కోసం విశాఖలో రెండు రోజులు

జర్మనీలో మా తమ్ముడి ఆఫీసులో పనిచేసే ఒకాయన కూతురు, ఇరవై ఏళ్ల పిల్ల, మే, జూన్ నెలలకి విశాఖ వస్తోంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఏదో ప్రాజెక్టు. "నువ్వయితే దగ్గరుండి చూస్తావక్కా" అని తమ్ముడు ఆ పిల్లకి గది వెతికే పని నా నెత్తిన పెట్టాడు. మా అమ్మాయిని వెంటబెట్టుకుని రాజమండ్రిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

సముద్రం కనపడాలన్నది ఆ పిల్ల ఒక్కటే కోరిక. అందుకని ముందు రుషికొండ వెళ్లాం. సర్వీస్ అపార్ట్‌మెంట్, నెలకి 38 వేలు, వైఫై, రోజూ గది ఊడ్చడం అందులోనే. బాల్కనీలో నిలబడితే నాకే అక్కడ ఉండిపోవాలనిపించింది. కానీ ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టి చెయ్యి పెడితే పొట్టు రాలుతోంది. యూనివర్సిటీకి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. పగలు బీచ్ రోడ్డు మీద బస్సులుంటాయి, చీకటి పడ్డాక ఆటోవాడు ఎంతంటే అంత. పాల ప్యాకెట్ కావాలన్నా కొండ దిగాలి. అక్కడి మేనేజరు మాత్రం అన్నిటికంటే ముందు పాస్‌పోర్టు, వీసా కాపీలు అడిగాడు. ఎందుకో అప్పటికి నాకు అర్థం కాలేదు.

మద్దిలపాలెంలో లేడీస్ పీజీ చూశాం. ముగ్గురికి ఒక గది, భోజనంతో ఏడున్నర వేలు, రాత్రి తొమ్మిదికి గేటు. శుభ్రంగానే ఉంది. మేలో పిల్లలంతా ఊళ్లకి పోతారు కాబట్టి గది మొత్తం ఒక్కదానికే దొరుకుతుంది గానీ మెస్ కూడా మూసేస్తారట! పైగా ఫారినర్ అనగానే వార్డెన్ తల అడ్డంగా ఊపింది.

ఎంవీపీ కాలనీలో టు-లెట్ బోర్డులకి కొదవలేదు. సెక్టార్ల వెంట తిరిగి తిరిగి కాళ్లు లాగాయి. కొందరు పదకొండు నెలల అగ్రిమెంటు తప్ప ఇవ్వమన్నారు. ఒకాయన "తెల్లవాళ్లు సిగరెట్లు కాలుస్తారు కదండీ" అన్నాడు, తన చేతిలో సిగరెట్టుతోనే. బ్రోకరు ఒక నెల అద్దె కమీషన్ అడిగాడు. ఉండేదే రెండు నెలలు బాబూ అంటే, "తిరగడం ఒకటేగా మేడమ్" అన్నాడు. అదీ నిజమే, కాళ్లనొప్పులు మాత్రం నావి.

సరేనన్న ఇద్దరు కూడా విదేశీయుల వివరాలిచ్చే ఫారం (ఇదివరకు ఫారం సి అనేవారు) మాట రాగానే వెనక్కి తగ్గారు. రుషికొండ మేనేజరు కాపీలు ఎందుకు అడిగాడో అప్పుడు బోధపడింది. విదేశీయులకి ఇల్లు గానీ గది గానీ ఇచ్చినవాళ్లు, వాళ్లు దిగిన 24 గంటల్లోపు ఆ వివరాలు ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు చూసే ప్రభుత్వ ఆఫీసు) వెబ్‌సైట్‌లో పెట్టాలి. హోటలుకే కాదు, మామూలు ఇంటివాళ్లకీ ఇదే రూలు. చేసేది ఆన్‌లైన్‌లోనే, కానీ "పోలీసు గొడవలు మాకొద్దమ్మా" అనేశారు. చెప్పకుండా ఉంచేద్దాం అన్నవాడూ ఒకడున్నాడు. పరాయి దేశపు పిల్లని అలా ఉంచి ఇక్కడ నేను నిద్రపోగలనా?

రెండో రోజు మధ్యాహ్నం పెదవాల్తేరులో దొరికింది. రిటైరైన దంపతులు, కొడుకు అమెరికాలో. ఆవిడ విషయం విని, "మావాడు వెళ్లిన కొత్తలో ఎవరో తెలుగువాళ్లే గది చూసి పెట్టారు" అంది. ఫారం అంటే అంకుల్ కాస్త బెదిరారు. మా అమ్మాయి ఆయన పక్కన కూర్చుని, ఆయన గుర్తింపు కార్డు, ఇంటి వివరాలు ఎక్కించి రిజిస్టర్ చేయించింది. పిల్ల దిగాక పాస్‌పోర్టు, వీసా వివరాలు నింపడమే మిగిలింది.

అద్దె 14 వేలు, కరెంటు విడిగా. రాత్రి భోజనం ఇస్తే ఇంకో మూడు వేలు. యూనివర్సిటీకి నడిచిపోవచ్చు. సముద్రం కనపడదు, సాయంత్రం అలా నడిస్తే బీచ్ వస్తుంది. పై అంతస్తు కాబట్టి స్లాబు వేడి, ఉక్క తప్పవు. ఏసీ ఉంది గానీ కరెంటు పోతే ఇన్వర్టర్ లేదు. ఆ సంగతి తమ్ముడికి దాచకుండా చెప్పాను. ఒక నెల అడ్వాన్సు ఫోన్‌పే చేసి రసీదు రాయించుకున్నాను.

రైల్లో తాటి ముంజలు తింటుంటే మా అమ్మాయి గుర్తు చేసింది, ఆ గదిలో మంచం పాతకాలం నాటిదట, బాగా పొట్టి. ఆ జర్మనీ పిల్ల ఎంత పొడుగో మేమిద్దరం అడగనే లేదు.