అబిడ్స్‌లో కొన్న పాత ‘ఇడియట్’

ఆదివారం దుకాణాలు మూసి ఉన్నప్పుడు అబిడ్స్ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాల్లో రష్యన్ రచయిత దొస్తోయెవ్‌స్కీ నవల ‘ఇడియట్’ నాకు 150 రూపాయలకు దొరికింది. ఇది డేవిడ్ మగార్షాక్ 1955లో వెలువరించిన ఇంగ్లిషు అనువాదం. కాగితం పసుపెక్కింది, అక్షరాలు మరీ చిన్నవి, జిగురు ఎండిపోయి పుటలు చేతికి ఊడివస్తున్నాయి. మధ్యలో రెండు పుటలు లేవన్న సంగతి ఇంటికి వచ్చాక గాని తెలియలేదు. కొనేముందు తిరగేసి చూసుకోకపోవడం నా పొరపాటే.

అప్పులవాళ్ల బాధ పడలేక విదేశాల్లో తిరుగుతూ, 1868లో జెనీవాలో పసికూతుర్ని పోగొట్టుకున్న మనిషి రాసిన నవల ఇది. స్విట్జర్లాండులో మూర్ఛరోగానికి వైద్యం చేయించుకుని, చిన్న మూటతో మూడో తరగతి పెట్టెలో పీటర్స్‌బర్గ్‌కు వచ్చే ప్రిన్స్ మిష్కిన్ దీని నాయకుడు. ఎదుటివాడు ఎగతాళిగా అడిగిన ప్రశ్నకు కూడా అతడు నిజాయితీగా, పూర్తిగా జవాబు చెబుతాడు. మియాపూర్ నుంచి నాంపల్లి దాకా మెట్రోలో నిలబడి ఈ భాగం చదువుతున్నప్పుడు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరి గోడూ పూర్తిగా వినకుండానే నేను కొట్టే జవాబులు గుర్తొచ్చి ఇబ్బందిపడ్డాను.

అన్నిటికన్నా నచ్చింది చైనా కూజా ఘట్టం. తమ ఇంటి విందులో ఆ కూజా పగలగొట్టేస్తావేమోనని మిష్కిన్‌ను అతడు ప్రేమించే అగ్లాయ, ఒక జనరల్ కూతురు, ముందే భయపెడుతుంది, అతడు దానికి దూరంగా కూర్చుంటాడు, అయినా మాటల ఆవేశంలో తెలియకుండానే దాని పక్కకు చేరి చేయి విసిరి పగలగొడతాడు. ఇంటివాళ్లు కోప్పడకపోవడమే అతణ్ణి మరింత కలవరపెడుతుంది.

దీన్ని వ్యక్తిత్వ వికాస పుస్తకమని నాకు చెప్పిన మిత్రుడు బహుశా సగంలోనే ఆపేసి ఉంటాడు. చిన్నప్పుడే ఒక ధనికుడి చేతిలో చెడిపోయి లోకనిందలు పడ్డ నస్తాస్యా మీద జాలి, అగ్లాయ మీద ప్రేమ, ఇద్దరూ ఎదురుపడినప్పుడు రెండింటిలో దేన్నీ వదులుకోలేక మిష్కిన్ ఒక్క క్షణం తటపటాయిస్తాడు. అగ్లాయ పరుగున వెళ్లిపోతుంది, ఆ తర్వాత నస్తాస్యా, ఆమె మీద పిచ్చి వ్యామోహం పెంచుకున్న రొగోజిన్ కత్తికి బలవుతుంది. మంచితనం ఉంటే చాలదని, కాదనవలసిన చోట కాదనడం కూడా రావాలని నాకు అనిపించింది ఇక్కడే. క్షయతో చావుకు దగ్గరైన కుర్రాడు ఇప్పొలిత్ చదివి వినిపించే సుదీర్ఘ ఒప్పుకోలు దగ్గర మాత్రం నా ఓపిక నశించింది. ఒక్కో మనిషికి మూడేసి పేర్లు కాబట్టి చీటీ మీద రాసి పెట్టుకోవడం మేలు.

చిన్న అక్షరాలతో ఇబ్బందిపడేవారు కొత్త ప్రతి కొనుక్కోండి. నా ప్రతికి మాత్రం కోఠిలో బైండింగు చేయించాను. లేని ఆ రెండు పుటలను మరో ప్రతి నుంచి జిరాక్సు తీయించి అతికించాను.