ఖప్లీ గోధుమ పిండి: రుచి బావుంది, ప్యాకెట్ మీద రాత మాత్రం నమ్మకండి

రెండు కిలోల ఖప్లీ పిండి ఆన్‌లైన్లో తెప్పించి మూడు వారాల్నుంచి వాడుతున్నాం, పిండికి వంక పెట్టేది లేదు, కానీ ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో "గ్లూటెన్ ఫ్రీ" అని వేశారు, అది చూసి ఒళ్ళు మండిపోయింది. మా అక్క కొడుక్కి సీలియాక్ ఉంది, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు. అక్క అది చదివి హమ్మయ్య వీడికీ రొట్టె చేసి పెట్టొచ్చు అని పిండి కలపబోయింది, నేను అక్కడే ఉండి ఆపాను కాబట్టి సరిపోయింది. ఖప్లీ కూడా గోధుమేనండీ, ఎమ్మర్ అంటారే అది, అందులోనూ గ్లూటెన్ ఉంటుంది, సీలియాక్ ఉన్నవాళ్ళు అస్సలు తినకూడదు.

ఇక వంట సంగతి. పిండి కాస్త ఎర్రగా, కమ్మటి వాసనతో ఉంది. మామూలు పిండిలా సాగదు, అంచులు పగులుతాయి, వేడినీళ్ళతో కలిపి అరగంట నాననిస్తే రొట్టెలు మెత్తగా వచ్చాయి. ఉత్తర కర్ణాటకలో ఈ గోధుమల్తో బెల్లం వేసి హుగ్గి అనే పాయసం చేస్తారు, ఈసారి గింజలు తెప్పించి చెయ్యాలి. రేటు ఎక్కువే, దానికి కారణముంది, వడ్లలాగా దీని పొట్టు నూర్చితే ఊడదు, మళ్ళీ మిల్లు పట్టించాలి.

"పదివేల ఏళ్ళుగా ఎవరూ మార్చని గింజ" అని కూడా రాశారు. పాతదన్నది నిజమే, మనం రోజూ తినే గోధుమ, ఎమ్మరూ ఒక అడవి గడ్డీ కలిస్తే పుట్టింది, అందుకే ఖప్లీకి 28 క్రోమోజోములుంటే మామూలు గోధుమకి 42. కానీ మార్చనిదేం కాదు. పాత ఖప్లీ పొడుగ్గా పెరిగి పడిపోతోందని ధార్వాడ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు డీడీకే 1009 లాంటి పొట్టి రకాలు తయారుచేశారు, అలా చెయ్యబట్టే రైతుకి కాస్త గిట్టుబాటు. అసలు గొప్పగా చెప్పుకోవాల్సింది వేరే ఉంది. ఆస్ట్రేలియాలో వాటర్‌హౌస్ అనే శాస్త్రవేత్త మన ఖప్లీని అక్కడి స్టైన్‌వెడెల్ గోధుమతో కలిపి ఖప్‌స్టైన్ అనే రకం తీశాడు, కాండం తుప్పు తెగులుని తట్టుకోడానికి. ఖప్లీ ఇచ్చిన ఎస్‌ఆర్‌13 జన్యువు 1999లో ఉగాండాలో బయటపడ్డ యూజీ99 అనే తుప్పు తెగులు రకం మీద కూడా పనిచేస్తుంది. అది వేసుకోవచ్చుగా ప్యాకెట్ మీద!

పిండికైతే నాలుగు స్టార్లు ఇచ్చేదాన్ని, ఆ గ్లూటెన్ మాట వల్ల ఒకటే ఇస్తున్నా. తీసెయ్యమని షాపుకి రెండుసార్లు మెసేజ్ పెట్టాను, రిప్లై లేదు, తీసేసిన రోజు స్టార్లు మారుస్తాను.